మాట – మనస్సు – ఆరోగ్యము

"ఇంట తెలుగు, వీధిలో తమిళము, పుస్తకములో ఇంగ్లీషు. ఇన్ని భాషలు మోయుటవలన పిల్లవాని బుద్ధి అలసిపోదా?" అని తలిదండ్రులు మమ్ము తరచుగ అడుగుచుందురు. కోవిల్పట్టిలోనైనను విరుదునగరములోనైనను ఈ ప్రశ్న ఒక్కటియే. అడుగువారు తెలివితక్కువవారు కారు. పిల్లల మేలు కోరియే తమ నోటనున్న తెలుగును కుదించుకొని, పసివానితో తమిళములోనో వచ్చీరాని ఇంగ్లీషులోనో మాట్లాడుచున్నవారు. "అట్టి భయమేమియు వలదు" అని మర్యాదకొక మాట చెప్పి పంపివేయుట సులభమే. కాని ఈ విషయమును గూర్చి మనస్తత్వ శాస్త్రజ్ఞులు నూరేండ్లుగ పరిశోధించుచున్నారు. వారు కనుగొన్నదేమి, పొరపడినదెక్కడ, అందువలన మన యిండ్లకు కలుగు ప్రయోజనమేమి అనునది చదువరులకు విన్నవింపదలచితిమి.

ముందు మన సంగతి కొంచెము చెప్పుకొందము. తమిళులు కరిసల్ అని పిలుచు ఈ నల్లరేగడి సీమకు మన పూర్వులు విజయనగర రాజుల, మధుర నాయకుల కాలములనుండి అలలు అలలుగ వచ్చి చేరిరి. నేటికిని అనేక గ్రామములలో ఇంటి భాష తెలుగే. అందులో తమిళ పదములు మెండుగ కలసియుండవచ్చును. దానిని వ్రాయనేర్చినవారు కొద్దిమందియే కావచ్చును. అయినను కోపము వచ్చినపుడును, భయము కలిగినపుడును, పిల్లను జోకొట్టునపుడును నోట వెలువడునది అదియే. కోవిల్పట్టి చెంతనున్న ఇడైసేవల్ గ్రామమున, తెలుగు మాట్లాడు కుటుంబమున పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఈ సీమ వాడుక తమిళములోనే కథలును నవలలును వ్రాసిరి. తెలుగునాటినుండి వలసవచ్చినవారి కథను చెప్పు 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ఆయన 2021లో దివంగతులైరి. ఇంటి తెలుగు ఆయన తమిళమునకు అడ్డువచ్చినట్లు మాకు కనబడదు. అండగ నిలచినట్లే కనబడును.

2006లో తమిళము నేర్పుటకై ప్రత్యేక చట్టము వచ్చినది. అది మొదటి తరగతినుండి ఏటికొక తరగతి చొప్పున పైకి సాగి, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. తమిళము మన పిల్లలకు రావలసినదే. అన్నము పెట్టు నేల భాష అది. కావున తమిళము వలదా అనునది ప్రశ్న కాదు. తెలుగును విడిచిన మేలు కలుగునా అనునదియే ప్రశ్న.

రెండు భాషలు బుద్ధికి బరువు అను భయమునకు పాత పరిశోధనల అండయు ఉన్నది. 1923లో బ్రిటను దేశమందలి వేల్సు సీమలో సేయర్ అను పండితుడు బడిపిల్లల బుద్ధిని కొలిచి, వెల్షు, ఇంగ్లీషు రెండును మాట్లాడువారు ఇంగ్లీషు మాత్రమే మాట్లాడువారికంటె వెనుకబడియున్నారని ప్రకటించెను. చాలకాలము ఉపాధ్యాయులు దీనినే నమ్మిరి. కాని ఆయన లెక్కలలోనే ఒక చిక్కు దాగియున్నది. ఆ వెనుకబాటు పల్లెటూరి పిల్లలలోనే కనబడెను. పట్టణపు పిల్లలలో కనబడలేదు. భాషయే కారణమైనచో అది పట్టణమున ఏల పనిచేయలేదు? పేదరికమును, పల్లె బడులలోని కొరతలను తీసికొనిపోయి భాష నెత్తిన పెట్టిరన్నమాట. ఇట్టి పొరపాటు నేటికిని మన అరుగులమీద జరుగుచునే యున్నది. పిల్లవానికి లెక్కలు రానిచో ఇంటి తెలుగును నిందింతుము గాని, రాత్రి దీపము క్రింద వానితో ఎవరైనను కూర్చుండిరా అని విచారింపము.

1962లో కెనడా దేశమందలి మాంట్రియల్ నగరమున ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ అను నిరువురు పదేండ్ల పిల్లలను, వారి కుటుంబముల స్థితిగతులను సరిచూచి మరి పోల్చిరి. ఈ మారు రెండు భాషల పిల్లలే మెరుగైనవారుగ తేలిరి. వీరి పనియందును లోపము లేకపోలేదు. రెండు భాషలును చక్కగ వచ్చిన పిల్లలనే వారు ఏరుకొనిరి; అట్టివారు మొదటినుండియు చురుకైనవారు కావచ్చును గదా.

మాకు ఎక్కువ నచ్చినది ఒడిస్సాలో అజిత్ మహంతి గారు చేసిన పని. అచటి కోందులలో కొన్ని గ్రామములవారు తమ కుయీ భాషను నిలుపుకొని ఒడియాను కూడ నేర్చిరి. మరికొన్ని గ్రామములవారు కుయీని పూర్తిగ మరచి ఒడియా మాత్రమే మాట్లాడుచున్నారు. జాతి యొకటే, బ్రతుకు తెరువు ఒకటే. భేదము భాషలో మాత్రమే. ఇంతకంటె సరియైన పోలిక దొరకుట కష్టము. మాటలనుగూర్చియు వాని అమరికను గూర్చియు ఆలోచింపవలసిన పరీక్షలలో కుయీని నిలుపుకొన్న పిల్లలు మేలుగ నిలచిరి. కుయీ ద్రావిడ భాష. మన తెలుగునకు దగ్గరి చుట్టము. తన భాషను విడిచిన గ్రామము దానివలన ముందునకు పోయినట్లు ఆయన పరిశోధనలో కనబడలేదు.

ఇక తెలుగునాటనే జరిగిన సంగతికి వత్తము. హైదరాబాదులో నిమ్స్ అని పిలువబడు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో నాడీ వైద్యురాలుగ పనిచేసిన డాక్టరు సువర్ణ అల్లాడి గారును, ఎడింబరో విశ్వవిద్యాలయమునకు చెందిన థామస్ బాక్ గారును, తక్కిన సహచరులును కలసి 2013లో ఒక పరిశోధనను ప్రకటించిరి. వృద్ధాప్యమున మతి క్షీణింపజేయు డిమెన్షియా వ్యాధితో ఆ వైద్యశాలకు వచ్చిన 648 మంది వివరములను వారు పరిశీలించిరి. అందు 391 మంది రెండుగాని అంతకుమించి గాని భాషలు మాట్లాడువారు. హైదరాబాదు వీధులలో తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలసి తిరుగుట ఎల్లరెరిగినదే. ఒకే భాష మాట్లాడువారికి వ్యాధి లక్షణములు సగటున 61 ఏండ్ల ప్రాయమున మొదలుకాగా, రెండు భాషలవారికి 65 ఏండ్లు దాటిన పిదప మొదలైనవి. ఇంచుమించు నాలుగున్నర సంవత్సరముల తేడా!

ఇట్టి ఫలితమే 2007లో కెనడాలోని టొరంటో నగరమునుండి వచ్చియుండెను. కాని అచట రెండు భాషలవారిలో చాలమంది పరదేశములనుండి వచ్చి స్థిరపడినవారు. దేశము విడిచి వచ్చువారు సహజముగ దృఢమైనవారేమో, మేలు భాషవలన గాక అందువలన కలిగెనేమో అని కొందరు ఆక్షేపించిరి. హైదరాబాదువారి విషయమున ఈ ఆక్షేపణకు తావులేదు. వారు పుట్టిన గడ్డమీదనే రెండు భాషలు నేర్చినవారు. అది చదువువలన కలిగిన మేలు అందురేమో! అక్షరములు రానివారిని వేరుచేసి చూచినను తేడా కనబడెను. వారిలో అది ఆరు సంవత్సరములు. ఈ యొక్క సంగతిని మన యిండ్లలోని అవ్వలకు, తాతలకు చదివి వినిపింపుడని విద్యార్థులను కోరుచున్నాము. సంతలో తమిళము, పెరటిలో తెలుగు మాట్లాడుచు అరువది ఏండ్లు గడిపిన అవ్వ, తనకు చదువు లేదని చిన్నబుచ్చుకొనుచుండును. ఆమె ప్రతిదినము చేసిన సాధన చిన్నది కాదు. రెండుకంటె ఎక్కువ భాషలు వచ్చినవారికి అదనపు లాభమేమియు కనబడలేదనియు ఆ పరిశోధకులు చెప్పిరి. కావున మూడవ భాషకై పసివానిని రాత్రింబవళ్ళు వేధించువారు ఇచట కొంచెము ఆగి ఆలోచింపవలెను.

2016లో ఆ బృందమే పక్షవాతపు రోగులు 608 మందిని గూర్చి వ్రాసెను. దెబ్బ తగిలిన తరువాతను ఆలోచనాశక్తి చెడక నిలచినవారు, రెండు భాషలవారిలో నూటికి నలువదిమంది. ఒకే భాషవారిలో ఇరువదిమంది.

ఇది ఎట్లు జరుగును? రెండు భాషలు వచ్చినవాడు నోరు తెరచినపుడెల్ల రెండును లోపల మేల్కొని యుండునట. ఒకదానిని అణచి రెండవదానిని వెలికి తీయుట మెదడునకు నిత్యవ్యాయామమని చాలమంది శాస్త్రజ్ఞుల తలంపు. వ్యాధి రాక మానదు. వచ్చినను కొంతకాలము పని ఆగదు. మన కణ్మాయికి ఒక కాలువ పూడినను వేరొకటి ఉన్నచో ఆ యేటి పైరు ఎండనట్లే.

అయినను ఒక మాట దాచరాదు. ఇవి వ్యాధి వచ్చి వైద్యశాలకు చేరినవారిని చూచి చేసిన లెక్కలు. ఆరోగ్యవంతులగు వృద్ధులను ఏండ్ల తరబడి వెంబడించి చేసిన అధ్యయనములలో పెక్కింటియందు ఈ మేలు స్పష్టముగ కనబడలేదు. పండితులలో వాదము ముగియలేదు. తెలుగు మాట్లాడినచో మతిమరపు రాదని ఎవరైనను చెప్పిన నమ్మవలదు. రెండు భాషలవలన బుద్ధి చెడునను పాత మాటకు ఆధారము లేదని మాత్రము నమ్మవచ్చును.

బుద్ధి సంగతి ఇట్లుండ, హృదయము సంగతి వేరు. 2003లో బోస్టన్ నగరమున కేథరిన్ హారిస్ మొదలగువారు, టర్కీ భాష మాతృభాషగ గలిగి తరువాత ఇంగ్లీషు నేర్చినవారి వ్రేళ్ళకు చెమటను కొలుచు పరికరమును తగిల్చి, కొన్ని మాటలను వినిపించిరి. మనస్సు చలించినపుడు చర్మమున లేశమాత్రము చెమట పుట్టును. దానిని మనము దాచలేము. పెద్దలు చిన్నతనమున గద్దించు మాటలు ఇంగ్లీషులో వినబడినపుడు అంతగ చలింపనివారు, అవే మాటలు మాతృభాషలో వినగానే చలించిరి. తల్లి గద్దింపు ఏ భాషలో మొదట చెవిని పడెనో, జీవితాంతము ఆ భాషకే ఒళ్ళు జలదరించునన్నమాట. పదవ తరగతి పిల్లలు దీనిని పరికరము లేకనే ఎరుగుదురు.

ఇందులో నవ్వుకొనదగినది కొంత యున్నను, నవ్వరానిది చాల ఉన్నది. మా యెరుకలో ఒక అవ్వ కలదు. ఆమెకు తమిళము రాదనుకొనరాదు. వేరుసెనగ బేరమున ఆమెను గెలిచిన వర్తకుడు లేడు. భర్త గతించిన కొన్ని నెలలకు నిద్ర తప్పి, తిండి తగ్గి చిక్కిపోయెను. మనుమడు వైద్యునియొద్దకు తోడుకొనిపోయెను. వైద్యుడు తమిళమున ఏమి బాధ అని అడుగగా, ఆమె కొంతసేపు ఊరకుండి, మనుమని వైపు తిరిగి తెలుగులో, "గుండెలో ఎవరో కూర్చున్నట్లున్నదిరా, బ్రతకబుద్ధి కావడము లేదు" అనెను. పిల్లవానికి పదమూడేండ్లు. ఆ మాట తమిళమున చెప్పుటకు వానికి నోరు రాలేదు. సిగ్గును భయమును కలిగెను. "నెంజు వలి" అని చెప్పెను. అనగా రొమ్ము నొప్పి. గుండెకు పరీక్ష చేసి లోపమేమియు లేదని చెప్పి, బలమునకు మాత్రలిచ్చి పంపిరి. వైద్యునియందు దోషము లేదు, పిల్లవానియందును లేదు. కాని ఆ అవ్వ దుఃఖము మరి ఆరు నెలలు ఎవరికిని తెలియలేదు.

పెద్దలకు దుబాసీలుగ పిల్లలు పోవుట మన ఊళ్ళలోనే గాదు, లోకమంతటను కలదు. అమెరికాలో గ్లెన్ ఫ్లోరెస్ అను వైద్యుడు, స్పానిషు మాట్లాడు తల్లులు ఇంగ్లీషు వైద్యులతో జరిపిన 13 సంభాషణలను మాట విడువక వ్రాయించి 2003లో ప్రకటించెను. ఒక్కొక్క సంభాషణలో సగటున 31 పొరపాట్లు దొరలెను. వానిలో ఎక్కువ భాగము మాటలను విడిచివేయుటయే. ఆస్పత్రి దుబాసీలు చేసిన తప్పులలో నూటికి 53 చికిత్సకు హాని చేయగలవి కాగా, తోడువచ్చిన బంధువులు మొదలగువారు చేసినవానిలో నూటికి 77 అట్టివి.

మన విషయమున చిక్కు మరింత సూక్ష్మము. తెలుగును తమిళమును అక్కచెల్లెండ్రు గనుక, ఒకే మాట రెండిండ్లలో రెండు పనులు చేయును. మన 'కడుపు' పొట్ట. తమిళుల 'కడుప్పు' సలుపు వంటి నొప్పి. మన 'మైకము' మత్తు. వారి 'మయక్కము' కన్నులు తిరుగుటయు కావచ్చును, సొమ్మసిల్లుటయు కావచ్చును. వైద్యునికి ఈ రెంటికిని చాల భేదము. కావున అవ్వ వెంట పోవు విద్యార్థి తమిళమున 'మయక్కము' అని ఊరకుండక, పడిపోయెనా, తల తిరిగెనా, ఎంతసేపు, లేచునపుడా కూర్చున్నపుడా అని విడదీసి చెప్పవలెను. తెలియని మాటను తెలుగులోనే పలికి, చేతితో చూపుట తప్పుమాట పెట్టుటకంటె మేలు.

వైద్యుడు చెప్పు మాట తీరును మన నిర్ణయములను మార్చునని మరియొక శాఖవారు చూపిరి. 1981లో ట్వెర్స్‌కీ, కానెమన్ అను మనస్తత్వ పండితులు ఒక ఊహాప్రశ్న వేసిరి. ఒక జాడ్యమువలన 600 మంది మరణింపనున్నారు. ఒక ఉపాయమువలన 200 మంది తప్పక బ్రతుకుదురు. వేరొకటి అందరిని కాపాడునో, ఎవరిని కాపాడదో అను జూదము వంటిది. ఇట్లు చెప్పినపుడు నూటికి 72 మంది మొదటిదానిని కోరిరి. అదే ఉపాయమును 400 మంది తప్పక చత్తురని చెప్పినపుడు, దానిని కోరినవారు నూటికి 22 మంది మాత్రమే! లెక్క మారలేదు, మాట మారెను. 2012లో చికాగో విశ్వవిద్యాలయమున బోజ్ కైజర్ మొదలగువారు ఇట్టి ప్రశ్ననే, చదువుకొని నేర్చిన పరభాషలో వేసి చూడగా, మాట మార్చుటవలన కలుగు తేడా కనబడలేదు. పరభాషలో భయము చల్లబడునని వారి ఊహ. ఇది చదివి రోగనిర్ణయములను ఇంగ్లీషులోనే చేసికొందమని తొందరపడరాదు. మనము వీధిలో ఆటలాడుచు నేర్చిన తమిళము మనకు పరభాష కాదు. వచ్చీరాని ఇంగ్లీషులో విన్నమాటకు భయము చల్లబడుటతోపాటు అర్థమును జారిపోవును.

నమ్మకము పనిని నడపుననుటకు క్షయవ్యాధి చరిత్ర మంచి నిదర్శనము. 1950 ప్రాంతములలో అమెరికాలో ప్రభుత్వము ఊరూర ఉచితముగ రొమ్ము ఎక్స్‌రే తీయించినను చాలమంది రాలేదు. హాక్‌బామ్ అను పరిశోధకుడు మూడు నగరములలో 1,200 మందికి పైగ ప్రశ్నించెను. తమకును ఆ రోగము రావచ్చుననియు, ముందుగ కనుగొన్నచో మేలనియు రెండును నమ్మినవారిలో నూటికి 82 మంది ఎక్స్‌రే తీయించుకొనియుండిరి. రెండును నమ్మనివారిలో 21 మంది. ఆ దశాబ్దములోనే, 1956లో, మద్రాసున క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము నెలకొని, 193 మంది పేద రోగులలో సగముమందికి శానిటోరియములోను, సగముమందికి వారి యిండ్లలోనే ఉంచియు మందులిచ్చెను. ఇరుకిండ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారును ఇంచుమించు సమానముగ కోలుకొనిరని 1959లో ప్రకటింపబడినపుడు లోకము ఆశ్చర్యపడెను. కాని అచటి వైద్యులు ఒక చిక్కును గ్రహించిరి. కొన్ని వారములకు దగ్గు తగ్గగానే రోగి మందు మానుచుండెను. బాగుగ ఉన్నట్లు తోచుట వేరు, బాగగుట వేరు. నేడు సాధారణ క్షయకు ఆరు నెలల మందు; రెండవ నెలలోనే మానువాని ఇంట ఈ సంగతిని వానికి అర్థమగు భాషలో ఎవరో ఒకరు చెప్పవలెను గదా.

మనసులోని బరువును మాటలలో పెట్టుటయే కొంత ఔషధమని చెప్పు పరిశోధనయు నొకటి కలదు. 1986లో పెన్‌బేకర్ అను అమెరికా ఆచార్యుడు విద్యార్థులచేత నాలుగు దినములు, దినమునకు 15 నిమిషములు, తమను బాధించిన సంగతిని వ్రాయించెను. జరిగినదానిని, దానివలన కలిగిన భావమును కలిపి వ్రాసినవారు తరువాతి నెలలలో వైద్యునియొద్దకు తక్కువ మారులు పోయిరి. 2006లో 146 ప్రయోగములను కలిపి చూడగా మేలు నిజమేగాని చిన్నదని తేలెను. ఖర్చు ఒక పెన్సిలు మాత్రమే గనుక చిన్న మేలైనను చాలును. ఏ భాషలో వ్రాసినను వ్రాయవచ్చును; అక్షరములు రానివారు చెప్పుకొనవచ్చును.

తలిదండ్రులు రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, మానసిక రోగి తన వ్యాధిని చికిత్సను గూర్చిన వివరములను తనకు అర్థమగు భాషలో పొందు హక్కు గలవాడు. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము టెలీ మానస్ అను ఫోను సేవను ప్రారంభించెను. దాని సంఖ్య 14416. ఖర్చులేదు, తమిళమున మాట్లాడవచ్చును, తెలుగును కోరవచ్చును. పైన చెప్పిన అవ్వవంటివారు ఇంట నున్నచో, "వయస్సు మీరినది, అంతే" అని తోసివేయక, ఈ సంఖ్యకు ఫోను చేయుడు, లేక ప్రభుత్వ వైద్యశాలలో మనోవైద్యుని అడుగుడు. బ్రతకబుద్ధి కావడము లేదను మాటను ఎన్నడును దాచి చెప్పరాదు. అది సిగ్గుపడదగిన మాట కాదు, రోగలక్షణము.

విద్యార్థులకు ఒక పని. నొప్పికి మన తెలుగున ఎన్ని పేర్లో! పోటు, సలుపు, తీపు, కుట్టు, మంట, గుంజు, తిమ్మిరి. వీనిలో కొన్ని మన సీమలో మాసిపోవుచున్నవి. కొన్ని గ్రంథములలో లేనివి అవ్వల నోళ్ళలో నున్నవి. ఈ సెలవులలో ఇంటి పెద్దలను అడిగి, బాధను దిగులును తెలుపు మాటలను, అవి దేహమున ఎచట కలుగునో, తమిళమున దానికి సరియైన మాట ఏదో వ్రాసి తెండు. రెండు వరుసలుగ పేర్చి వచ్చు సంచికలో అచ్చువేయుదుము. ఒక ప్రతిని వైద్యశాలకు పోవువారు చేతితో కొనిపోవునట్లు వేరుగను కుట్టింతుము.